పొలి ఆగిన చోట

బుట్ట నెత్తినున్న మనిషి ఆగిపోయాడు. కిందటి వారం మనం కథని వదిలిపెట్టింది అక్కడే.

ఆగకూడదని వీర్రాజుకి తెలుసు. గెడ్డకొత్తూరు కాలనీలో పాలు మరిచిన ప్రతి పిల్లకాయకీ తెలుసు. మరిడమ్మ పండగలో వేటపోతు నెత్తురు కలిపిన అన్నాన్ని కొత్త బుట్టకెత్తి, ఒక మనిషి ఊరి చుట్టూ తిరుగుతూ చల్లుకుంటూ పోతాడు. అదే పొలి. మోసేవాడు వెనక్కి చూడకూడదు. కాలు నిలపకూడదు. పేరు పెట్టి పిలిచినా, వరస పెట్టి పిలిచినా పలక్కూడదు. పలికాడా, పొలి అక్కడితో సరి. ఊరి మేర అంతవరకే. పక్క ఊరివాళ్ళు కర్రలు పుచ్చుకుని తమ వైపు కాపు కాస్తారు. పొలి ఆగిన చోట గీత గీసుకుంటారు. మళ్ళీ పండగ వచ్చేదాకా ఆ గీతకి తిరుగులేదు.

నిన్న సాయంత్రం, పొద్దు వాలే వేళ, వల్లకాటికి ఇవతల నీలగిరి చెట్ల దగ్గర వీర్రాజు పలికాడు. వెనకనుంచి "బావా! ఓ బావా! ఆగెహె!" అని కేక వినబడింది. "ఏట్రా?" అన్నాడు. అనడమే కాదు, తిరిగి చూశాడు కూడా. డప్పులు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఎదర కర్ర పట్టుకుని నిలబడ్డ దొరపాలెం పెద్ద కృష్ణంరాజు నవ్వలేదు. నవ్వాల్సిన పని కూడా లేకపోయింది ఆయనకి. "సున్నం తెండ్రా" అన్నాడంతే.

ఆ సున్నం గీతకి అవతల పడిపోయింది గెడ్డకొత్తూరు వల్లకాడు.

ఇది వాళ్ళకి రెండో వల్లకాడు. మొదటిది పాత ఊరితో పాటు ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది. తాతల ఎముకల్ని అక్కడ వదిలేసి వచ్చినవాళ్ళు ఇక్కడ మళ్ళీ మొదలెట్టారు చచ్చిపోవడం. కాలనీ కట్టిన తొలి పండగలోనే ఈ నేల చుట్టూ పొలి తిప్పారు. ఆ తరవాత ప్రతి పండగకీ తిప్పారు. కొత్తలో వచ్చిన ఒక్క తగువు తప్ప దొరపాలెం ఎప్పుడూ అడ్డు పడలేదు. ఈ మధ్య కృష్ణంరాజు ఒక లేఅవుట్ కంపెనీతో భాగానికి దిగాడు. చచ్చినవాళ్ళ నేలకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. కాగితం అటు లేదు, ఇటు లేదు. మండలాఫీసువాళ్ళు "మీరూ మీరూ తేల్చుకోండి" అని చేతులు దులుపుకున్నారు. అందుకని రెండూళ్ళ పెద్దలూ మరిడమ్మ ముందు మాట పుచ్చుకున్నారు: ఈ పండగకి పొలి వల్లకాటి చుట్టూ తిరిగిందా, గెడ్డకొత్తూరుది. ఆగిందా, దొరపాలెంది.

ఆగింది. ఆపింది సొంత బావమరిది గొంతు.

*

తెల్లారాక కాలనీలో ఎవడూ వీర్రాజుని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీకొట్టు సాయిశంకర్ గ్లాసు బల్ల మీద పెట్టి అటు తిరిగిపోయాడు. మాట్లాడుకుంటున్న ముసలాళ్ళు ఇతను రాగానే దగ్గు తెచ్చుకున్నారు. వీర్రాజు ఆ టీ తాగకుండానే ఇంటికొచ్చి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి మావా?" అంది పెళ్ళాం మంగాయమ్మ.

"మల్కాపురం. నీ తమ్ముడి కాడికి."

"నానూ ఒస్తాను."

"రా. నీ కల్లెదరే అడుగుతాను ఆడ్ని. నీ ఎనకాల ఆడ్నేదో అన్నానని రేపు నువ్వు అనడానికుండదు."

బస్సులో ఇద్దరూ పక్క పక్క సీట్లలో కూర్చున్నారు. మధ్యలో సముద్రమున్నట్టు కూర్చున్నారు. వీర్రాజు తన చేతులకేసి చూసుకున్నాడు. పోర్టు బొగ్గు యార్డులో లారీల మీద తార్పాలిన్లు బిగించే చేతులు. ఎంత తోమినా గోళ్ళలో నలుపు పోదు. నిన్న ఆ నలుపు మీద నెత్తుటి అన్నం మెతుకులు అంటుకున్నాయి. అవి కడిగినా అక్కడే ఉన్నట్టుంది.

మండలాఫీసులో ఒకడు సరిహద్దు అన్నాడు. లేఅవుట్ కుర్రాడు బౌండరీ అన్నాడు. కొలవడానికొచ్చినవాడు హద్దురాయి చూపించమన్నాడు. మాట ఏదైనా పని ఒక్కటే. నీది ఇక్కడితో అయిపోయింది, ఇంక ఫో అని చెప్పడం. వీర్రాజు అయ్య ఆ మాటలేవీ ఎరగడు. పొలిమేర అనేవాడు. పొలిమేర లోపల ఏ ఇంట్లో మనిషి పోయినా శవం లేచేదాకా ఊళ్ళో ఒక్క పొయ్యి రాజదు. పొలిమేర అవతల పాము కరిచి పడున్నవాణ్ణి మోసుకొస్తే పుణ్యం, లోపల పడున్నవాణ్ణి మోసుకు రాకపోతే పాపం. కొత్త పెళ్ళికూతురికి అక్కడిదాకా ఎదురెళ్ళాలి. రోగాన్ని అక్కడిదాకా తరిమి రావాలి. ఎవడి చావుకి ఎవడు ఏడవాలో, ఎవడి ఆకలికి ఎవడు జవాబు చెప్పాలో తేల్చే మాట అది. కొలతలో అదెలా ఎక్కుతుంది?

మండలాఫీసులో ఆ మాట వాడినందుకు ఒక కళ్ళజోడాయన ముచ్చటపడిపోయాడు. "పొలం మేర, అదయ్యా పొలిమేర. పొలాలున్నవాడికి కదా పొలిమేర! మీకు పొలాలెక్కడివి ఇప్పుడు?" అన్నాడు. పక్కన ఇద్దరు నవ్వారు. అప్పుడు వీర్రాజుకి నోట మాట రాలేదు. పొలాలు తీసేసుకున్నారు బాబూ, పొలి మా దగ్గరే ఉంది అని ఇప్పుడొస్తోంది నోటికి, ఇక్కడ, కిటికీ అద్దం పగిలిన బస్సులో, ఎందుకూ పనికిరాకుండా. అది కూడా నిన్నటితో అబద్ధమైపోయాక.

*

మల్కాపురంలో ఉమాశంకర్ మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాడు. పోర్టులో క్రేన్లకి గ్రీజు పెట్టే పని. రిఫైనరీ వాసన మెట్లెక్కి ముందే ఇంట్లో కూర్చునుంటుంది. ఆరేసిన ఖాకీ చొక్కా కింద, గుమ్మంలోనే ఎదురయ్యాడు మనిషి.

"రా బావా" అన్నాడు.

ఆ మాట చెవిన పడిందో లేదో వీర్రాజు చెయ్యి లేచింది. చెంప పేలింది.

"మల్లీ అను! అనరా! నిన్న అన్నట్టే అను, అదే గొంతుకతోటి!"

ఉమాశంకర్ చెంప తడుముకున్నాడు. తిరిగి చెయ్యెత్తలేదు. బావ వైపు కూడా చూడలేదు. మెట్ల దగ్గర నిలబడ్డ అక్క వైపు చూశాడు. ఆ చూపుని వీర్రాజు చూడలేదు. కోపమొచ్చినవాడికి కళ్ళు ఎదరే ఉంటాయి గానీ పక్కన పనిచెయ్యవు.

వంటింట్లోంచి అతని పెళ్ళాం చంద్రిక గరిట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. కాకినాడ పిల్ల. ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయినా ఆ 'అండీ' పోలేదు.

"అయ్యయ్యో! ఏంటండీ అన్నయ్యగారూ ఇదీ! ఇంటికొచ్చి కొడతారేంటండీ? ముందు కూర్చోండి. వదినగారూ, మీరైనా చెప్పండి."

"కూకోడానికి రానేదమ్మా. ఈడ్నో మాటడిగి ఎల్లిపోతాను. ఏట్రా, ఏటాస పెట్టేడ్రా ఆ కృష్ణంరాజు నీకు? లేఅవుట్లో ప్లాటా? గేటుకాడ సూపర్‌వైజర్ పనా?"

"ఆ బుగత మొకం నాను సూడనేదు బావా."

"మరెందుకు పిలిసేవు? సిన్నప్పట్నుంచీ మా ఊరి పండగకి ఒస్తన్నావు. పొలి మోసీవోణ్ణి పిలవకూడదని తెల్దా నీకు?"

"తెలుసు."

"తాగేవా?"

"తాగనేదు."

"తాగేనని సెప్పరా! తాగేను బావా, ఒల్లు తెలీనేదు బావా అని సెప్పు. ఆ ఒక్క మాట సెప్పు, నాను ఒగ్గీసి ఎల్లిపోతాను. ఊల్లో కూడా అదే సెప్పుకుంటాను, తాగుబోతెదవ అరిసీసాడని."

ఉమాశంకర్ కింది పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. మంచి అబద్ధం చేతికందిస్తున్నాడు బావ. తీసుకోవడానికి వీడికి మనసు రాలేదు. లేకపోతే ధైర్యం రాలేదు. ఏదో ఒకటి.

"నోరు పెగలదేట్రా? ముప్పై కుటుంబాల కల్లముందు నన్ను సచ్చినోణ్ణి సేసేవు. ఒక్క మాట సెప్పడానికి..."

"ఎంతసేపండీ మీరు పడతారు?" అని చంద్రిక మొగుడి మీద విరుచుకుపడింది. "చెప్పెయ్యచ్చు కదా! మీకెందుకండీ ఈ దెబ్బలు? వదినగారే కదండీ ఫోన్ చేసి ఏడ్చింది. నీలగిరి చెట్ల దగ్గరికి రాగానే పిలువు, ఎలాగైనా ఆపు అని. నేను పక్కనే ఉన్నానండీ అన్నయ్యగారూ. చెవులారా విన్నాను."

గరిటలోంచి పులుసు చుక్క చుక్కగా గచ్చు మీద పడుతోంది. ఎవరూ చూడలేదు.

వీర్రాజు మెల్లగా తిరిగాడు. మంగాయమ్మ మెట్ల చివర అలాగే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఏడవలేదు.

"అవును మావా" అంది. "నానే పిలిపించేను."

"నువ్వా?"

"నానే."

"ఎందుకే?"

"మొన్న నీ కాల్లట్టుకుని సెప్పేను, బుట్ట ఇంకొకరికి ఇచ్చీమని. ఇన్నావేటి? మా అయ్య మోసేడు, నానే మొయ్యాల అన్నావు. మీ అయ్య మోసేడు గదా, మరి ఆ ఏడాదే ఏటయ్యాడు?"

"కడతన్న గోడ మీంచి పడ్డాడు. పడి సచ్చిపోనాడు. దానికీ దీనికీ ఏటే?"

"రోజూ ఎక్కే గోడే గదా. ఆ ఏడాదే ఎందుకు పడాల? మీయమ్మ పోయేముందు నా సెయ్యట్టుకుని సెప్పింది. అప్పుడు కూడా దొరపాలెంతో తగువేనంట, కొత్తగా ఒచ్చినప్పుడు. తగువులో ఉన్న పొలిమేర తొక్కినోణ్ణి ఆ తల్లి ఏడాది తిరక్కుండా బలి అడుగుద్దంట. మీ మావని అడిగీసింది, నా కొడుకుని ఆ బుట్ట ముట్టుకోనీకు అంది. మద్దెన మోసినోల్లకి ఏటీ అవనేదు, తగువు నేదు గనక. ఇప్పుడు మల్లీ తగువు. మల్లీ మీ ఇంటోడే."

"సదువు నేని మాటలు మాటాడకు."

"నువ్వేటి సదివేవు? ఐదు కాడ బడి ఒగ్గీసినోడివి."

వేరే రోజైతే ఇద్దరూ నవ్వేవారే. ఇవాళ ఆ మాట ఎండుపుల్లలా విరిగి కింద పడింది.

"ఒసే, పొలి ఆగితే ఏటవుద్దో నీకు తెల్దా?"

"తెలుసు."

"వల్లకాడు ఆల్లదైపోద్దని తెలుసా?"

"అన్నీ తెలిసే సేసేను మావా. సచ్చినోల్లు మల్లీ సావరు. నువ్వు సత్తావు. పొలిమేర కావాలా, మొగుడు కావాలా అంటే నాను మొగుణ్ణే ఎంచుకున్నాను. ఏటి తప్పు?"

వీర్రాజు తన పిడికిళ్ళకేసి చూసుకున్నాడు. వేరే ఎవడో అమ్ముడుపోయి ఉంటే ఈపాటికి వాడి గొంతు ఈ చేతుల్లో ఉండేది. కృష్ణంరాజు డబ్బు ఎర వేసి ఉంటే వాడి గుమ్మం ముందు మన్ను చల్లి శాపనార్థాలు పెట్టేవాడు. ఇక్కడ శత్రువన్నవాడే లేడు. తనని బతికించుకోవాలని చూసిన పెళ్ళాం తప్ప ఎవరూ లేరు. దిక్కు దొరకని కోపం దగ్గరున్నవాళ్ళనే కరుస్తుంది.

"మన గుంటడు అక్కడే ఉన్నాడే" అన్నాడు. "మొదటోడు. ఆరు నెల్లోడు. ఆడి మీదకి మిషన్ తెస్తారే రేపు."

"నాను కన్నాను ఆడ్ని." మంగాయమ్మ కళ్ళు మొదటిసారి ఎరుపెక్కాయి. "ఆడెక్కడున్నాడో నాకు నువ్వు సెప్పాలేటి? ఆడ్ని కూడా ఇచ్చీసేను నీ కోసం. అది కూడా తెలిసే ఇచ్చేను."

ఇక్కడ ఆగాల్సింది వీర్రాజు. నిన్న ఆగకూడని చోట ఆగినవాడు, ఇవాళ ఆగాల్సిన చోట ఆగలేకపోయాడు.

"నాను అడిగేనేటే? నా పేణం నాకు తెచ్చిమ్మని నిన్నడిగేనా? ఊరి నోట్లో మన్ను కొట్టీసేవు. నీలాంటి దాన్ని పొలిమేర దాటించీసినా పాపం నేదు. ఎల్లు. మా ఊరి మేరలో నీకు చోటు నేదు."

"బావా! మాట తూలకు" అని అడ్డొచ్చాడు ఉమాశంకర్.

మంగాయమ్మ తమ్ముణ్ణి చేత్తో వారించింది. మొగుడి మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసింది, కొత్త మనిషిని చూసినట్టు.

"అలగే మావా" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"వదినగారూ! అన్నం తిని వెళ్ళండి!" అని చంద్రిక పిట్టగోడ మీంచి పిలిచింది. వీధిలోంచి ఆటో చప్పుడు వినిపించింది.

*

వీర్రాజు గచ్చు మీద చతికిలబడ్డాడు. చంద్రిక మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఒక మాట అనకుండా ఉండలేక అనేసి వెళ్ళింది. "మా వైపూ జాతర్లున్నాయండీ. కానీ మనుషుల్ని గీతకి అటొకళ్ళనీ ఇటొకళ్ళనీ పెట్టుకోం."

ఉమాశంకర్ ఎదురుగా గోడకి చేరగిలబడ్డాడు. చెంప మీద వేళ్ళు అచ్చు పడ్డాయి.

"అప్ప అడిగినప్పుడు నానూ ముందు ఒప్పుకోనేదు బావా. ఊరి శాపం తగుల్తాదన్నాను. మరేటి సెయ్యను? అదలగ ఏడిసేసరికి నాకూ నువ్వే కావాలనిపించింది. కొట్టు ఇంకా. పడతాను."

వీర్రాజు కొట్టలేదు. కొట్టేందుకు చేతుల్లో ఏమీ మిగల్లేదు.

ఫోన్ మోగింది. ఎత్తింది ఉమాశంకరే గానీ అవతలి కేక గది అంతా వినబడింది. కాలనీలో పక్కింటి రోజారమణి.

"ఓలమ్మో, వీర్రాజు బావ అక్కడున్నాడేటి? పంపించు, బేగి పంపించు! జేసీబీ ఒచ్చింది వల్లకాటికి. మంగప్ప ఎల్లి దాని ముందల కూకుంది! ఎంత పిలిసినా లెగట్లేదు!"

*

ఉమాశంకర్ బండి మీద ఇద్దరూ వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. నీలగిరి చెట్ల కింద కాలనీ మగాళ్ళంతా నిలబడి ఉన్నారు. సున్నం గీతకి జానెడు ఇవతల, కొలత పెట్టి నిలబెట్టినట్టు. అవతల దొరపాలెం కుర్రాళ్ళు. వాళ్ళ వెనక దింపిన సిమెంటు స్తంభాలు, తీగచుట్టలు. మధ్యలో పచ్చటి జేసీబీ. దాని పళ్ళకి రెండు బారల దూరంలో, తుప్పల మధ్య, చిన్న మట్టిదిబ్బ పక్కన మంగాయమ్మ బాసింపట్టు వేసుక్కూర్చుంది.

కృష్ణంరాజు గొడుగు కింద నిలబడి ఓపిగ్గానే మాట్లాడుతున్నాడు. ఓపిక ఆయనకి ఆస్తితో పాటు వచ్చింది.

"లెగమ్మా. మీ ఊరూ మా ఊరూ మాట పుచ్చుకున్నాం. పొలి ఆగింది. గీత దాటి ఇవతల కూర్చోడం మీ ఊరికి మర్యాద కాదు."

"నాకు ఊరేది బుగతా?" అంది మంగాయమ్మ. "ఆడదానికి పుట్టింటి పొలిమేరొకటి, అత్తింటి పొలిమేరొకటి. మొదటిది పెల్లినాడే పోనాది. రెండోది పొద్దున్న మా ఆయన తీసేసేడు. ఇంక మీ గీత నాకేటి సేత్తాది?"

దొరపాలెం వైపు ఎవడో కిసుక్కుమని నవ్వబోయి ఆపుకున్నాడు. గీతకి ఇవతల ఆడవాళ్ళలో చిన్న కదలిక. వీర్రాజు తలకాయ వంచుకోలేదు గానీ వంచుకున్నంత పనైంది.

జేసీబీ నడిపే మనిషి కిందికి దిగాడు. పాతూరు నుంచి వచ్చిన ఖాజా. వయసు మళ్ళినవాడు. దిబ్బకేసి, దాని మీద పెట్టిన రెండు రాళ్ళకేసి చూశాడు.

"సార్, నాకు ఖాళీ సైటని చెప్పారు" అన్నాడు. "ఇది ఖబరస్తాన్ కదా సార్. ఈ అమ్మ చెప్పకపోతే నా మిషన్ పళ్ళతోనే తోడేసేవాణ్ణి. నా వల్ల కాదు. మా నాన్నా మట్టిలోనే ఉన్నాడు."

"నీ మతం కాదు గదా ఖాజా, నీకెందుకు?"

"మట్టికి మతమేంది సార్? వేరే ఎవర్నైనా చూసుకోండి."

"తాళం ఇటివ్వు మరి." కృష్ణంరాజు గొంతులో ఓపిక అక్కడికి ఖర్చైపోయింది. "నడిపేవాళ్ళు మాలోనూ ఉన్నారు. వంశీ! ఎక్కు."

ఆయన కొడుకు నాగవంశీ ఖాజా చేతిలోంచి తాళం లాక్కుని పైకెక్కాడు. ఇంజను ఒక్క గురక పెట్టి లేచింది. పళ్ళున్న తొట్టి గాల్లో ఊగింది. మంగాయమ్మ కదల్లేదు. చెయ్యి చాచి ఆ దిబ్బ మీద పెట్టుకుంది, నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లాణ్ణి జోకొట్టినట్టు.

వీర్రాజు గీత దగ్గరికి నడిచాడు. ఎదురుగా సన్యాసిరాజు అడ్డొచ్చాడు. కాలనీకి పెద్ద. వీర్రాజు అయ్యతో కలిసి పాత ఊరి నుంచి నడిచొచ్చినవాడు. నిన్నటి నుంచి వీర్రాజుతో మాట్లాడిన మొదటి మనిషి.

"ఆగొరే. నువ్వు దాటకు."

"నా పెల్లామక్కడుంది పెద్దయ్యా."

"తెలుసు. పోలీసులకి ఫోన్ సేయించేను. నువ్వు మాత్రం దాటకు. పలికినోడివి నువ్వు. మాటిచ్చింది ఊరు. ఇంకెవుడు దాటినా తగువు, నువ్వు దాటితే మాట తప్పడం. తప్పిన ఊరితో రేపు ఏ ఊరూ మాటాడదు. నూతి నీల్లు కూడా ఆల్ల వైపు నుంచే తెచ్చుకుంటన్నాం మనం."

"అయితే దాన్ని ఒగ్గీమంటావా?"

"ఒగ్గీమనట్లేదు. ఆగమంటన్నాను. దాటితే మాత్రం నీ యెనక ఊరు రాదు. రానేదు. నాను సెప్తన్నాను, ఆనక నన్ననుకోకు." "నా పెద్ద కూతురు కూడా అక్కడే ఉందిరా. నాకు నేదేటి కడుపుమంట?"

అటునుంచి మంగాయమ్మ చూసింది. మొగుడు గీత అంచున నిలబడ్డాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి ఒక్కసారిగా మోకాళ్ళ మీద లేచి అరిచింది.

"రాకు మావా! నువ్వు తొక్కకు! నీ కాల్లట్టుకుంటాను, నువ్వు తొక్కకు! నన్ను తొక్కీనీ, నువ్వు అటే ఉండు!"

ఇంకా భయమే దానికి. యంత్రం పళ్ళకి కాదు, ఆ తెల్లటి సున్నానికి భయపడుతోంది. అదీ తన కోసం కాదు. పొద్దున్న అంత మాట అన్నవాడి కోసం.

వీర్రాజుకి ఒళ్ళు మండిపోయింది. కృష్ణంరాజు మీద మండింది, మర్యాద తప్పకుండా నేల మింగుతున్నందుకు. సన్యాసిరాజు మీద మండింది, అన్నీ సరిగ్గానే చెప్తున్నందుకు. జానెడు ఇవతల నిలబడ్డ మగాళ్ళందరి మీదా మండింది. ఏ ఇంట్లో మనిషి పోయినా పొయ్యి ఆర్పుకునే ఊరు, మనిషి ప్రాణాలతో కళ్ళ ముందు కూర్చుని ఉంటే సున్నానికి వెనకే నిలబడిపోయింది. ఇదా పొలిమేర? దీని కోసమా నిన్న తను ఆ బుట్ట నెత్తినెత్తుకున్నది? దీని కోసమా పొద్దున్న దాన్ని వెళ్ళగొట్టింది?

"పెద్దయ్యా" అన్నాడు. "పొద్దున్న దాన్ని పొలిమేర దాటించీసేనన్నాను. నోటితో అన్నాను. నోటితో అన్నదాన్ని కాలితో ఎనక్కి తీసుకోవాల."

చెప్పులు విడిచాడు. దాటాడు.

సున్నం పాదానికి అంటింది. చల్లగా కూడా లేదు. పిడుగేమీ పడలేదు. వెనక ఊరు మొత్తం ఒకేసారి ఊపిరి బిగబట్టిన చప్పుడు మాత్రం వినబడింది. నడిచి వెళ్ళి మంగాయమ్మ పక్కన, యంత్రానికి ఎదురుగా చతికిలబడ్డాడు. ఆమె అతని భుజం మీద రెండు చేతులతో కొట్టింది. "సెప్పేను గదా రావద్దని! సెప్పేను గదా!" అంటూ కొడుతూనే చొక్కా గట్టిగా పట్టుకుంది.

"కొట్టు" అన్నాడు వీర్రాజు. "నీ తమ్ముణ్ణి కొట్టిన దానికి కూడా కలిపి కొట్టు."

గొడుగు కింద కృష్ణంరాజు కదల్లేదు. కొడుక్కి చేత్తో ఆగమని సైగ చేసి, గీతకి అవతలున్న సన్యాసిరాజుకేసి తిరిగాడు.

"చూశావు గదా సన్యాసిరాజూ. మీవాడు దాటాడు. అందరి కళ్ళముందూ దాటాడు. దాటినవాడి వెనక ఊరు రాదని ఇప్పుడే నీ నోటితో నువ్వే అన్నావు, మావాళ్ళంతా విన్నారు. ఇప్పుడు వీళ్ళిద్దరికీ ఏం జరిగినా అడగడానికి గెడ్డకొత్తూరు రాదు. అంతేనా?"

సన్యాసిరాజు నేల చూపులు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. అంతేనా?"

నీలగిరి ఆకులు కూడా కదలడం లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "సెప్పకు పెద్దయ్యా" అన్నారు. ఉమాశంకర్ బండి వదిలేసి, గుంపుని తోసుకుంటూ ముందుకొస్తున్నాడు. ముసలాయన తలెత్తాడు. దిబ్బ పక్కన ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కూర్చున్న ఇద్దర్నీ చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అంతే" అన్నాడు.

కృష్ణంరాజు గొడుగు ముడిచి కొడుకుకేసి తలూపాడు. జేసీబీ తొట్టి పైకి లేచింది.